కనిపించే గుర్తులు

మిల్లీమీటరు ఏ దేశమూ చూసినవాడు కాదు. అతనికి పాస్‌పోర్టే లేదు. అయినా ఆ చుట్టుపక్కల ఎవరు విమానం ఎక్కాలన్నా ముందు అతని ఫోటో స్టూడియో మెట్లు ఎక్కాల్సిందే. అదేం చోద్యమో మరి, ఇల్లు కదలని మనిషి లోకాన్నంతా సాగనంపుతూ కూర్చున్నాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. వీసా ఫోటోలో గడ్డం నుంచి నడినెత్తి దాకా ముప్ఫై రెండు మిల్లీమీటర్లు ఉండాలంటే ముప్ఫై రెండే ఉండాలి. ముప్ఫై మూడొస్తే చింపి అవతల పారేసి, లేచిపోతున్న మనిషిని మళ్ళీ స్టూలు మీద కూర్చోబెడతాడు. "నవ్వకండి. చెవులు కనపడాలి. కళ్ళజోడు తియ్యండి. అదిగో, మళ్ళీ నవ్వుతున్నారు. వాళ్ళకి మీ పళ్ళతో ఏం పని?" అంటాడు. ఫోటో ప్రింటయి బయటికొచ్చేలోపు సలహాలు మొదలవుతాయి. అడిగినా చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడు.

"బ్యాంకు కాగితాలు ఆరు నెలలవి పెట్టండి. వెళ్ళే టికెట్టు ఎవడిక్కావాలండీ, వచ్చే టికెట్టు చూపించండి. మీరొస్తున్నారంటే వాళ్ళకేం సంబరం, వెళ్ళిపోతారంటే సంబరం. మందులుంటే డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. దిగాల్సిన చోటు చిరునామా కాగితం మీద రాసుకోండి, ఫోను చచ్చిపోతే దిక్కులు చూస్తారు. ఎందుకొచ్చావని అడిగితే ఎందుకొచ్చావో చెప్పండి చాలు. మీ వంశచరిత్ర ఎవరూ అడగలేదు."

ఇదంతా ఎక్కడ నేర్చాడంటే, వెళ్ళొచ్చినవాళ్ళ నోట విని. వెనక్కొచ్చిన ఫైళ్ళు తెప్పించుకుని మరీ చదివేవాడు, ఎక్కడ తప్పు జరిగిందా అని. అతను సర్దిచ్చిన ఫైలు మాత్రం పదిహేనేళ్ళలో ఒక్కటీ వెనక్కి రాలేదు. అందుకు కాస్త తల ఎగరేసేవాడు. ఎగరెయ్యనీ, అంతకు మించి ఏం సంపాదించాడు గనక.

అతనికి నా అన్నవాళ్ళు ఇద్దరే, అక్కా బావా. అమ్మానాన్నలు పోయాక పెంచింది అక్కే, చదువు అబ్బకపోతే కెమెరా కొనిపెట్టిందీ అక్కే. నాలుగిళ్ళ అవతల ఉంటుంది, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పిల్లల్లేరు. చిన్నప్పుడు పాక్కుంటూ వెళ్ళి వేడి ఇస్త్రీపెట్టె మీద పడిందట. ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా, రెండు వేళ్ళ వెడల్పున మచ్చ. దాన్ని గురించి ఆవిడ ఏనాడూ బెంగపడలేదు. బెంగంతా తమ్ముడిదే. ఫోటోలు దిద్దడం నేర్చుకున్న రోజుల్లో మొట్టమొదట దిద్దింది ఆ చెంపనే. అప్పట్నుంచీ అక్క ఫోటో చేతికొస్తే మచ్చ పోవలసిందే. కొన్నాళ్ళకి, తీసేస్తున్నానన్న ధ్యాస కూడా లేకుండా పోయింది. అన్నం తింటున్నప్పుడు చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళినట్టు వెళ్ళిపోయేది.

అలాగని ఇంకెవరి ముఖం మీదా చెయ్యి వెయ్యడు. మొటిమ తీసెయ్యమని ఏ ఆడపిల్లయినా బతిమాలితే, "వీసా ఫోటోలో ముఖం దిద్దడం నేరమమ్మా, నన్ను లోపలేయిస్తావా" అని కసురుకుంటాడు. రూలు తెలియక కాదు. అక్క ముఖం దగ్గరికొచ్చేసరికి అతనికి రూలు గుర్తురాదు, అంతే.

అక్క పెళ్ళి ఆల్బం వచ్చినప్పుడు బావ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏరా, నా పక్కన నిలబడ్డ ఈవిడెవర్రా? మీ అక్కనెక్కడ దాచావు?" అని ఏడిపించాడు. అందరూ పడీ పడీ నవ్వారు. అతనూ నవ్వాడు.

బావ సముద్రం అవతల ఓ దేశంలో ఓడలు బాగుచేసే చోట వెల్డరు. రెండేళ్ళకోసారి వచ్చి నెలరోజులుండి వెళ్తాడు. ఆరేళ్ళ కిందట, "ఒక్కసారైనా మీ అక్కకి ఆ సముద్రం చూపిస్తాన్రా" అని పట్టుబట్టి ఆవిడకి పాస్‌పోర్టు తీయించాడు. ఫోటో తమ్ముడే తీశాడు, ఫారమూ తమ్ముడే నింపాడు. కనిపించే గుర్తులు అన్న గడి దగ్గర ఆగితే అక్క పక్కనుంచి అంది, "రాయి, ఎడమ చెంప మీద కాలిన మచ్చ." రాశాడు. అదే బల్ల మీద, అదే గంటలో, ఆ మచ్చ లేని ఫోటో ఆ ఫారానికి అంటించాడు. ఆఫీసులో తీసుకున్న గుమాస్తా చూడలేదు, ముద్ర వేసినవాడు చూడలేదు, ఇంటికి తెచ్చుకున్నాక వీళ్ళూ చూడలేదు. ఏదో ఒక అడ్డంకి వచ్చి ప్రయాణం వాయిదా పడుతూ వచ్చింది. పాస్‌పోర్టు బీరువాలో చీరల కింద పడి ఉంది.

ఒక సోమవారం మధ్యాహ్నం అక్క మెడలో టేపు అలాగే వేలాడుతుండగా స్టూడియోలోకి వచ్చింది. స్టూలు మీద ఎవరో కూర్చుని ఉంటే, ఆయన లేచేదాకా గోడకానుకుని నిలబడింది. ఆయన వెళ్ళాక ఫోను తమ్ముడి చేతిలో పెట్టింది.

"మీ బావ పడిపోయాడట్రా. నిన్న. పైనుంచి."

ఫోను చేసింది బావ గదిలో ఉండే పెయింటరు. వెన్ను విరిగింది, లోపల రక్తం కారుతోంది, మూత్రపిండాలు పనిచెయ్యడం మానేస్తున్నాయి. ఆసుపత్రివాళ్ళు ఉత్తరం కూడా రాసి పంపారు. భార్య వెంటనే రావడం మంచిది అని అందులో ఉంది. వెంటనే అంటే ఎంత లోపల అని మిల్లీమీటరు పెయింటర్ని అడిగాడు. "వారం పట్టుకుంటే గొప్పే అంటున్నారన్నా," అన్నాడతను.

అక్క మెడలోని టేపు తీసి వేళ్ళకి చుట్టుకుంటోంది. తమ్ముడికి మాత్రం, చెప్పుకుంటే సిగ్గు గానీ, ఆ బాధలోనూ ఎక్కడో ధైర్యంగా ఉంది. ఇది తన పని. లోకంలో ఇంకే ఆపదొచ్చినా అతని వల్ల అయ్యేది కాదేమో, ఇది మాత్రం అవుతుంది. "నువ్వేం కంగారుపడకు. అత్యవసర వీసాకి మూడు పనిదినాలు. శనివారానికల్లా బావ మంచం పక్కన ఉంటావు," అన్నాడు.

ఆ రోజు షట్టరు సగం దించి ఫైలు సర్దాడు. ఆసుపత్రి ఉత్తరం, కంపెనీ ఉత్తరం, పెళ్ళి సర్టిఫికెట్టు, బ్యాంకు కాగితాలు, రానూపోనూ టికెట్టు, బీమా. ఏ కాగితం మీద ఏది ఉండాలో కొలిచి పెట్టాడు. అక్కని స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు సరిచేసి ఫోటో తీశాడు. "నవ్వకు" అని అలవాటుగా అనేసి నాలుక్కరుచుకున్నాడు. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని కొలత సరిచూశాడు. ముప్ఫై రెండు. వెనక తెలుపు సరిపోయింది. చెవులు కనపడుతున్నాయి. చెయ్యి తెర మీది చెంప మీదికి వెళ్ళింది, పని కానిచ్చి వచ్చింది. ప్రింటు తీశాడు.

బుధవారం ఇద్దరూ బస్సులో పక్క నగరం వెళ్ళారు. దారంతా అతను పాఠం చెప్తూనే ఉన్నాడు. "దిగగానే జనం వెంట నడువు, ఎక్కడా ఆగకు. పెట్టె రావడానికి అరగంట పడుతుంది, భయపడకు. ఎందుకొచ్చావంటే మా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పి ఈ ఉత్తరం చూపించు." అక్క అన్నిటికీ తలూపింది. ఒకచోట మాత్రం అడిగింది, "ఆయన్ని నేను గుర్తుపడతానంటావా? గొట్టాలవీ పెట్టి ఉంటారు కదా." అతను కిటికీ వైపు తిరిగాడు.

వీసా కేంద్రం అద్దాల మేడలో మూడో అంతస్తు. దరఖాస్తుదారులకే ప్రవేశం. ఫోను, సంచీ బయట అరల్లో పెట్టి, ఫైలు ఒక్కటి గుండెకి హత్తుకుని అక్క లోపలికి వెళ్ళింది. ఇతను బయట బెంచీ మీద ఉండిపోయాడు. ఊరికే ఉండే రకమా? పక్కనున్న ముసలాయన ఫైలు చూసి, "ఈ కాగితం పైకి రావాలండీ" అని సర్దిపెట్టాడు. ఇంకొకావిడకి ఫారంలో తేదీ తప్పుంటే చూపించాడు. గంట గడిచింది. రెండో గంటకి వెళ్ళాల్సిన వాళ్ళంతా వెళ్ళిపోయారు, అక్క రాలేదు. అప్పుడు భయం పట్టుకుంది అతనికి. లేచి అద్దం దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ కళ్ళకి అటూ ఇటూ ఆనించుకుని చూశాడు. దూరంగా కౌంటరు ముందు అక్క నిలబడి ఉంది. కౌంటరు అమ్మాయి పాస్‌పోర్టు చూస్తోంది, అక్క ముఖం చూస్తోంది, మళ్ళీ పాస్‌పోర్టు చూస్తోంది. వెనకనుంచి కళ్ళజోడు మనిషి ఒకడు వంగి చూశాడు. అక్క ఎడమ చెంప మీద చెయ్యి పెట్టుకుని ఏదో చెప్తోంది.

ఒక్కమాటా వినపడకపోయినా అతనికి మొత్తం అర్థమైపోయింది.

అక్క ఫైలుతో బయటికొచ్చింది. "లోపల కెమెరాలో ఫోటో తీశార్రా. అది పాస్‌పోర్టు ఫోటోతో కలవడం లేదంట. మచ్చ ఉందని రాసుంది, ఫోటోలో లేదు, ముఖం మీద ఉంది, ఎవరమ్మా నువ్వు అంటున్నారు. నేనేనండీ అన్నాను. ఎన్నిసార్లని అంటాను."

"అక్కా, నేను..."

"నాకు తెలుసులే, ఎప్పుడూ తీసేస్తావని," అందావిడ. ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

వాచ్‌మన్ కాళ్ళావేళ్ళా పడితే, మూసే వేళకి కౌంటరు అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. మిల్లీమీటరు కెమెరా కార్డు చూపించాడు, అందులో దిద్దని ఫోటో ఉందని. తప్పు నాదండీ, మచ్చ తీసేసింది నేనే, నన్నేం చేసినా సరే, ఆవిణ్ణి పంపండి అన్నాడు. ఆ అమ్మాయి చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఆ మాట ఇక్కడ అనకండి. పాస్‌పోర్టు ఫోటో మార్చామని మీరంటే అది ఇంకో కేసు. ఈ ఫైలు ఇంకో గదికి వెళ్తుంది. అక్కడికెళ్తే ఎన్ని నెలలో నాకు కూడా తెలీదు. పాస్‌పోర్టు సరిచేయించుకు రండి, నేనే తీసుకుంటాను. మీ బావగారికి తగ్గాలని కోరుకుంటానండీ."

మంచిపిల్ల. ఆ పిల్లని తిట్టడానికి కూడా లేదు. ఎదురుగా చెడ్డవాడొకడుంటే మనిషి పోట్లాడి గుండె చల్లార్చుకుంటాడు. ఇక్కడ అందరూ మంచివాళ్ళే, రూలూ సరైనదే, ఏడవాలంటే తన చేతిని చూసుకుని ఏడవాలి.

గురువారం పాస్‌పోర్టు ఆఫీసులో, ఎంత అర్జంటయినా ఎనిమిది పనిదినాలన్నారు. మిల్లీమీటరు వేళ్ళు మడిచి లెక్కేశాడు. ఎటునుంచి లెక్కేసినా, వీసా రోజులు కలిపితే రెండు వారాలు దాటిపోతోంది. పెద్దాఫీసరు గది ముందు నిలబడ్డాడు. ఆసుపత్రి ఉత్తరం నకళ్ళు పంచాడు. ఎవరో ఎమ్మెల్యే తాలూకు మనిషి తెలుసంటే అతని వెంట పడ్డాడు. అందరూ చదివారు, అందరూ అయ్యో అన్నారు, ఒకాయన కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు. ఎనిమిది మాత్రం ఏడు కాలేదు.

శనివారం పొద్దున్న అక్క ఇంట్లో ఉండగా పెయింటరు వీడియో కాల్ చేశాడు. బావకి తెలివొచ్చింది, మాట్లాడతానంటున్నాడు అన్నాడు. ఫోను తమ్ముడు పట్టుకున్నాడు. తెర మీద బావ ముఖం ఉబ్బి ఉంది, ముక్కులో గొట్టం, వారం గడ్డం.

"ఎప్పుడొస్తున్నావే?" అన్నాడు బావ. గొంతు ఎక్కడో లోతునుంచి వచ్చింది.

అక్క తమ్ముడి వైపు ఒకసారి చూసింది. "కాగితాలు అవుతున్నాయండీ. అక్కడ సెలవులంట," అంది. మొగుడి దగ్గర తమ్ముణ్ణి దాచింది, ఆ పరిస్థితిలో కూడా.

"వాడున్నాడుగా," అన్నాడు బావ. "వాడు చూసుకుంటాడులే. ఏడీ వాడు?"

ఫోను తన వైపు తిప్పుకోక తప్పలేదు.

"ఏరా. నా వల్ల కావట్లేదురా. ఒక్కసారి మీ అక్కని చూడాలి. ఎప్పుడు పంపుతున్నావు?"

పదిహేనేళ్ళుగా ఏ ఒక్కరికీ అతను లేని తేదీ చెప్పలేదు. ఇన్ని రోజులంటే అన్ని రోజులే, ఒకటి ఎక్కువ చెప్తాడేమో గానీ తక్కువ చెప్పడు. ఆ ముఖం కేసి చూశాడు, ఆ గొట్టం కేసి చూశాడు.

"వీసా వచ్చేసింది బావా. సోమవారం విమానం."

బావ కళ్ళు మూసుకున్నాడు. "సోమవారం," అన్నాడు. ఆ ఉబ్బిన ముఖం కాస్త తేటపడింది. తర్వాత లైను పోయింది.

అక్క తమ్ముడి వైపే చూస్తోంది. "ఎందుకలా చెప్పావురా?"

"చూడలేకపోయానక్కా."

"నువ్వెప్పుడూ ఇంతే," అందావిడ.

మళ్ళీ ఫోను చేసి నిజం చెప్పేద్దామని సాయంత్రమే అనుకున్నారు. మధ్యాహ్నమే బావని లోపలి వార్డుకి మార్చారట, అక్కడికి ఫోను తీసుకుపోనివ్వరు. పెయింటర్ని రోజుకి పది నిమిషాలు లోపలికి పంపుతారు. "నువ్వే చెప్పు తమ్ముడూ, ఇంకా వారం పడుతుందని చెప్పు," అని మిల్లీమీటరు బతిమాలాడు. సరేనన్నాడతను. మర్నాడు ఫోను చేసి, "చెప్పలేకపోయానన్నా. ఇవాళ నర్సుని అడిగి గడ్డం గీయించుకున్నాడు," అన్నాడు.

సోమవారం వచ్చింది, వెళ్ళింది. ఆ రోజు అక్క పొద్దుట్నుంచీ మిషను మీదే ఉంది, లేవలేదు. ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టింది. మంగళవారం మిల్లీమీటరు పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళి, ఇంకా ఐదు రోజులు అనిపించుకుని వచ్చాడు.

బుధవారం పదకొండింటికి స్టూలు మీద ఒక కుర్రదంపతుల్లో భర్త కూర్చుని ఉండగా పెయింటరు ఫోను వచ్చింది. మిల్లీమీటరు విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న అడిగాడు, దానికి జవాబు కూడా విన్నాడు. ఫోను జేబులో పెట్టి, "రేపు రండి," అన్నాడు వాళ్ళతో. భార్య అతని ముఖం చూసి భర్తని లేవదీసింది.

నాలుగిళ్ళు. అంత దూరం అతను ఎప్పుడూ నడవలేదు.

అక్క మిషను తొక్కుతోంది. గుమ్మంలో తమ్ముణ్ణి చూసింది. కాలు ఆగింది, చక్రం కాసేపు దానంతటదే తిరిగి ఆగింది. అతను చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ చేతిలో ఉన్న గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టింది.

"ఎప్పుడు?"

"తెల్లారి."

"ఏమన్నాడు చివరికి?"

నిద్రలోనే పోయాడక్కా, ఏమీ తెలియకుండా పోయాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, తయారుగా ఉంది. అంతకన్నా తేలికైన మాట లోకంలో లేదు. అతను దాన్ని మింగాడు. ఎందుకు మింగాడో అతనికే తెలియదు. చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నేల చూపులు చూస్తూ విన్నది విన్నట్టు చెప్పాడు.

"సోమవారం పొద్దుట్నుంచీ తలుపు వైపు తిప్పించుకుని పడుకున్నాడంట. ఎవరు తలుపు తీసినా నువ్వే అనుకున్నాడంట. నిన్న పెయింటరు వెళ్తే, విమానం లేటయిందా అని అడిగాడంట. అవునని చెప్పాడంట అతను. లేటయితే అయింది, బయల్దేరిందంటే వచ్చేస్తుందిలే అన్నాడంట. అంతే. మళ్ళీ మాట్లాడలేదంట."

అక్క ఏడవలేదు. తనని కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ లేచి వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుని, అతన్ని కూడా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఇంకోసారి చెప్పు."

చెప్పాడు. ఈసారి ఇంకా కష్టమైంది. విమానం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతే, "ఊఁ, లేటయిందా అని అడిగాడు, తర్వాత?" అని ఆవిడే అందించింది. తర్వాతది చెప్పాడు.

"ఇంకోసారి," అంది అక్క.

ఆవిడ అతని ముఖం కేసి చూస్తూ కూర్చునే ఉంది.